పెచ్చు ఊడిన స్తంభం

కారు మీది కవరు లాగేసరికి ముందు దుమ్ము లేచింది, తరువాత తుమ్ములు లేచాయి, ఆ తరువాత మరిదిగారి నోరు లేచింది.

"జాగ్రత్త రేసర్ వదినా. నిన్ను గుర్తుపడితే బండి దానంతటదే వెనక్కి పారిపోతుంది."

ఆమె కవరుకి నాలుగు మడతలు పెట్టింది. ఆ జోకు ఈ ఇంట్లో కూతురితో పాటే పెరిగింది. కూతురికైనా ఈ మధ్య కొంచెం కొత్తదనం వచ్చింది గానీ, జోకుకి రాలేదు.

షెడ్డులో చిన్న కారు టైర్లలో గాలి దిగిపోయి, చతికిలబడి కూర్చున్నట్టుంది. ఒకప్పుడు ఎరుపు. ఇప్పుడు ఎండ తగిలినవైపు గులాబీ, తగలనివైపు ఇటుక. దానికి ఎదురుగా గేటు, గేటుకి ఎడమవైపు స్తంభం. స్తంభానికి నడుము ఎత్తున అరచెయ్యంత పెచ్చు ఊడిపోయి ఉంది. ఇంటికి రెండుసార్లు సున్నాలు వేయించారు గానీ, ఆ పెచ్చుని మాత్రం ఎవరూ పూడ్పించలేదు. వచ్చిన చుట్టాలకి చూపించడానికి ఉంచేశారని ఆమె అనుమానం.

"శనివారం ఫిట్‌నెస్ టెస్టు," అన్నాడు భర్త, టైరుని చెప్పుతో తడుతూ. "పాసైతే ఆదివారం తమ్ముడు పట్టుకెళ్తాడు. నేను నడపడం మానేసి ఏళ్ళయింది, ఇంక మనింట్లో దీన్ని నడిపేవాళ్ళు ఎవరున్నారు గనక. ఊరికే తుప్పు పట్టిపోతోంది."

ఆమె దగ్గర ఒక వాక్యం తయారుగా ఉంది. వారంరోజులుగా గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ దాన్ని అప్పజెప్పుకుంటోంది. ఊరి చివర అక్క మొక్కల నర్సరీ పెట్టింది. పొద్దుటిపూట వచ్చి చూసుకోమని అడిగింది. బోటనీలో డిగ్రీ పుచ్చుకుని ఇన్నేళ్ళుగా కొత్తిమీర కట్టల మీద దాన్ని ప్రయోగిస్తున్న మనిషికి అది చిన్న పిలుపు కాదు. అక్కడికి బస్సు పోదు. కారుంటే పోవచ్చు.

"ఈ బండి..." అని మొదలుపెట్టింది.

"తెలుసులే, నీకు దీనిమీద సెంటిమెంటు," అన్నాడు భర్త. "శుభ్రంగా కడిగి పంపిద్దాం."

వాక్యం అక్కడితో ఆగిపోయింది. కడిగే పని మాత్రం ఆమెకి వచ్చింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తగారు మెట్లు దిగివచ్చారు. మోకాళ్ళ నొప్పులవల్ల ఆవిడ మెట్లు దిగడమంటే ఇంట్లో అందరికీ తెలిసిపోయే విషయం.

"డిక్కీ మాత్రం నేను సర్దుతాలే అమ్మాయ్. నువ్వు ముట్టుకోకు, నడుం పట్టేస్తుంది."

ఆవిడ నడుము సంగతి ఏమిటని ఎవరూ అడగలేదు. అత్తగారి మంచితనం అలాగే ఉంటుందని ఆమె అనుకుంది. ఇన్నేళ్ళలో ఆ స్తంభం గురించి ఒక్క ఎకసెక్కెం కూడా ఆడని మనిషి ఈ ఇంట్లో ఆవిడ ఒక్కరే. ఎవరైనా మొదలుపెడితే, "టీ చల్లారిపోతోంది, తాగండి" అని మాట మార్చేస్తారు. టీ లేనప్పుడు కూడా.

మర్నాడు పొద్దున్నే మెకానిక్ వచ్చాడు. బానెట్ ఎత్తడానికి ముందే డ్రైవరు తలుపు తీసి, వంగి, కిందికి చూశాడు.

"మ్యాట్లు తీసేశారా మేడమ్? మంచిపని చేశారు."

"నేను తియ్యలేదు. లేవు."

"ఏ బండైనా సరే, ముందు మ్యాట్లు తీసి డిక్కీలో పడేస్తాను. ఆ తరువాతే చెయ్యి పెడతాను. లేకపోతే నా బూట్ల గ్రీజు అంటుకుందని గొడవ. ఇంజను బాగుచేసినందుకు ఎవరూ మెచ్చుకోరు గానీ, మ్యాటు మీద మరక పడితే వీధంతా వినపడేలా తిడతారు."

అతను ఎయిర్ ఫిల్టరు డబ్బా విప్పాడు. అందులో ఎలుక కాపురం చేసి ఖాళీ చేసి వెళ్ళిపోయిన గూడు ఉంది. చింపిన కాగితాలు, సీటులోంచి పీకిన స్పాంజి, ఎక్కడిదో ఒక ఊలు పోగు, అన్నీ ఒద్దికగా అమర్చి ఉన్నాయి. ఇల్లాలి చెయ్యి పడిన గూడని చూడగానే తెలుస్తోంది. ఆమె దాన్ని చీపురుతో కాకుండా చేత్తోనే తీసి పక్కన పెట్టింది. పాత పెట్రోలు గొట్టం పెట్టి బయటికి తోడాడు. అది బెల్లం పాకంలా రంగు తిరిగి, ముక్కు పగిలే వాసన వేసింది. కొత్త బ్యాటరీ బిగించాడు. టైర్లలో గాలి నింపాడు. ఇద్దరూ కలిసి తోశారు. బండి కదల్లేదు.

"వెనక బ్రేకులు పట్టేశాయి," అన్నాడు. "ఇన్నాళ్ళు నిలబెట్టేస్తే అంతే. లోపల అంటుకుపోతాయి."

బ్రేకు పడలేదని పేరు మోసిన బండికి బ్రేకు వదలని జబ్బు చేసిందన్నమాట. ఆమెకి నవ్వు వచ్చింది గానీ, ఎవరితో పంచుకోవాలో తెలియలేదు.

అతను చక్రం విప్పి, డ్రమ్ము చుట్టూ సుత్తితో చిన్నగా కొట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఒక్కటి కాదు, చుట్టూ తిప్పి తిప్పి, బతిమాలుతున్నట్టు. ఆమె టార్చిలైటు పట్టుకుంది. చివరికి లోపల ఎక్కడో టప్పుమని చప్పుడైంది. డ్రమ్ము ఊడి అతని ఒళ్ళోకి వచ్చింది.

"అప్పుడు ఈ బండి చూసింది కూడా నేనే మేడమ్," అన్నాడు ఎర్రటి తుప్పు పొడి దులుపుతూ. "స్తంభాన్ని గుద్దిన కేసు. బ్రేకు కిందికి దిగలేదని మీరన్నారు. మ్యాట్లన్నీ తీసి, అన్నీ విప్పి చూశాను, వీధి చివరిదాకా తిప్పి చూశాను. బ్రహ్మాండంగా పడుతోంది. కంగారులో ఒక్కోసారి పక్క పెడలు తొక్కేస్తాం. ఎవరికైనా జరుగుతుంది."

రిపోర్టు చదివి చెప్పే డాక్టరులా మెత్తగా అన్నాడు. ఆమె తలూపింది. అప్పుడూ ఇలాగే ఊపింది. తొక్కింది బ్రేకే అని కాలు చెప్పింది, కాదని మిగతా ప్రపంచం చెప్పింది. ప్రపంచంలో మెకానిక్ కూడా ఉన్నాడు కాబట్టి ఆమె ప్రపంచాన్నే నమ్మింది. ఆ రోజునుంచి తన కుడికాలిని పూర్తిగా నమ్మడం మానేసింది. మెట్లు దిగేటప్పుడు కూడా దాన్నొక కంట కనిపెడుతూనే ఉంటుంది.

ఇంజను రెండుమూడుసార్లు దగ్గి, నల్లగా ఉమ్మి, అందుకుంది.

ఆ తరువాతి పనంతా ఆమెదే. సబ్బునీళ్ళతో బండి ఒళ్ళు కడిగింది. పచ్చబడిన హెడ్‌లైట్లకి టూత్‌పేస్టు రాసి పాత బనియను గుడ్డతో గుండ్రంగా రుద్దితే, శుక్లాలు తీసేసిన కళ్ళలా తేటబడ్డాయి. తలుపుల అంచుల్లో తుప్పుని గరుకు కాగితంతో గోకింది. వేళ్ళ చివర్లు కూడా కొంచెం అరిగాయి. గోకినచోట ప్రైమరు పూసి, ఆరాక, కూతురి బొమ్మల కుంచెతో ఎరుపు రంగు వేసింది.

"అమ్మా, అది నా మంచి బ్రష్షు," అంది కూతురు వరండాలోంచి.

"అందుకే తీసుకున్నాను."

"అంత కష్టపడి బాబాయికి ఇచ్చేస్తావా?"

ఆమె రంగు వేస్తూనే ఉంది. అదే ప్రశ్న తనూ తనని అడుగుతోంది, కాకపోతే ఇంత సూటిగా కాదు.

సీట్ల మీద సబ్బు నురుగు పోసి బ్రష్షుతో రుద్దింది. సీటు సందుల్లోంచి ఒక తలపిన్ను, మూతలేని పెన్ను, ఎండి రాయైపోయిన చాక్లెట్టు బయటపడ్డాయి. అత్తగారు చిన్న చీపురు పట్టుకుని వచ్చి, డిక్కీ తెరిచి, కాసేపు లోపలికి తల పెట్టి, మళ్ళీ మూసేశారు.

"అయిపోయిందమ్మాయ్. అందులో ఏమీ లేదు," అన్నారు. అంతసేపట్లో చీపురు చప్పుడు ఒక్కసారి కూడా వినపడలేదు.

మధ్యాహ్నం అత్తగారు పడుకున్నాక, మెకానిక్ మాట గుర్తొచ్చింది. టెస్టులో స్టెప్నీ టైరు కూడా చూస్తారట, గాలి ఉందో లేదో చూసుకోమన్నాడు. డిక్కీ తెరిచి, అడుగున ఉన్న అట్ట ఎత్తి, టైరు బిగించిన మర విప్పింది. టైరుని రెండు చేతులతో లేపి పక్కకి ఒరిగించింది.

దాని కింద ఒక ప్లాస్టిక్ సంచి, చదునుగా నొక్కుకుపోయి ఉంది. దాని మీద టైరు అచ్చు గుండ్రంగా పడి ఉంది. నిన్నో మొన్నో పెట్టినది కాదు. పైన గుడ్డపీలికతో ముడి. రెండు చుట్లు తిప్పి, కొసలు లోపలికి దోపిన ముడి. పప్పుల డబ్బాల సంచులకీ, పాత దుప్పట్ల మూటలకీ ఈ ఇంట్లో రోజూ విప్పే ముడే.

లోపల మ్యాట్లున్నాయి. కంపెనీ మ్యాట్లు కావు. ఇంటి గుమ్మం ముందు వేసే మందపాటి డోర్‌మ్యాట్‌ని కత్తిరించి చేసినవి. కారులో అడుగు మురికవుతుందని అత్తగారు ఒకప్పుడు ఉత్సాహపడి చేశారు. అంచులు పీచు లేవకుండా చుట్టూ నీలం దారంతో కుట్టారు. అత్తగారు ఏది కత్తిరించినా అంచు కుట్టకుండా వదలరు. మసిగుడ్డలు కూడా అంచుకుట్టుతోనే ఉంటాయి. తన చేత్తో కుట్టినదాన్ని పారెయ్యడం కూడా ఆవిడ వల్ల కాదు.

ఆమె ఇంకేమీ అనుకోలేదు. పని వరసలో పని. డ్రైవరు వైపు మ్యాటు తీసి దులిపి, కింద పరిచింది. బాగానే అమరింది. తలుపు తెరిచే ఉంది కదా అని సీట్లో కూర్చుంది. సీటు వెనక్కి ఉంది, భర్త కాళ్ళకి సరిపోయేలా. పెడలు అందలేదు. మీట ఎత్తి సీటు ముందుకు జరిపింది. మడమలు కూడా సీటుతోపాటు ముందుకు జరిగాయి, మడమల కింద మ్యాటూ జరిగింది.

బ్రేకు తొక్కింది.

పెడలు సగందాకా దిగి ఆగిపోయింది.

మెత్తగా ఆగింది. గోడకి తగిలినట్టు కాదు, కింద ఎవరో అరచెయ్యి పట్టినట్టు. ఆ ఆగడం ఆమెకి తెలుసు. పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు, ఎవరూ నమ్మక తనే నమ్మడం మానేసినది. కాలు తియ్యకుండా అలాగే కూర్చుంది. ఎదురుగా, కడిగిన అద్దంలోంచి, స్తంభం కనిపిస్తోంది.

వంగి చూసింది. మ్యాటు ముందంచు, కుట్టుతో మందమైన అంచు, లేచి పెడలు కిందికి దూరి ఉంది.

సవరించి మళ్ళీ తొక్కింది. ఈసారి పూర్తిగా దిగింది. మళ్ళీ తొక్కింది. దిగింది. మడమ జరిపి తొక్కింది. ఆగింది. అంటే ఇదేనా? లేక ఇదీ కాదా? నిజమైతే ప్రతిసారీ ఎందుకు ఆగదు? ఆ రోజు ఆగినది ఇలాగేనా, లేక ఇలా ఆగి ఉంటే బాగుండునని తనకి అనిపిస్తోందా? కాలిని అడిగింది. ఇన్నేళ్ళు ఎవరూ పట్టించుకోని మనిషిలా, అది గబగబా అవునంది. అంత గబగబా అన్నందుకే మళ్ళీ అనుమానం వచ్చింది.

అప్పుడు ముడి గుర్తొచ్చింది.

మెకానిక్ మ్యాట్లు డిక్కీలో పడేశాడు. సంచిలో పెట్టి కట్టింది అతను కాదు. స్టెప్నీ కింద దాచింది అతను కాదు. బండి బాగై ఇంటికొచ్చాక, ఖాళీ నేల చూస్తే ప్రాణం ఒప్పని అత్తగారు, ఆ మ్యాట్లు మళ్ళీ పరవలేదు. ఆమె మ్యాటు తీసి, సంచిలో పెట్టి, మళ్ళీ స్టెప్నీ కిందే ఉంచింది.

సాయంత్రం ఇద్దరూ వంటింట్లో బీన్సు తుంచుతూ కూర్చున్నారు.

"అత్తయ్యా, కారుకి మీరు మ్యాట్లు కుట్టారు కదా అప్పట్లో."

అత్తగారి చేతిలో కాయ విరిగింది. అది విరగాల్సిన కాయే.

"ఏ మ్యాట్లు?"

"నీలం దారం కుట్టు."

"ఏమో అమ్మాయ్. ఎన్ని కుట్టానో, ఏం గుర్తుంటాయి." ఆవిడ కాయల్ని ముందుకు లాక్కున్నారు. "నువ్వు లే, పొద్దుట్నుంచి గోకి గోకి చేతులు చూడు ఎలా అయ్యాయో. కొబ్బరినూనె రాసుకో. ఇవి నేను చూస్తాను."

లేచి, నూనె సీసా ఆవిడే తెచ్చి, మూత కూడా ఆవిడే తీసి ఇచ్చారు. ఆమె నూనె రాసుకుంటూ అత్తగారి మొహం చూసింది. కోపం తెచ్చుకుందామంటే మధ్యలో నూనె అడ్డొచ్చింది. జ్వరం వచ్చినప్పుడు కాళ్ళు పట్టింది ఈవిడే. అందరూ నవ్వేటప్పుడు టీ వంక పెట్టి మాట మార్చిందీ ఈవిడే. అది జాలా, భయమా? జాలి అనుకుని ఇన్నేళ్ళు మనసులో దణ్ణం పెట్టుకుంది. భయమైతే ఆ దణ్ణాలన్నీ ఏం చెయ్యాలి? వెనక్కి ఎలా తీసుకుంటారు? రెండూ అయితే?

భర్త వంటింట్లోకి తొంగిచూశాడు. "బండి మెరిసిపోతోందే. రంగు కూడా వేశావా? ఆ స్తంభానికీ రెండు పూతలు వెయ్యకపోయావా, పాత పరిచయం కదా."

"టీ చల్లారిపోతోంది రా," అన్నారు అత్తగారు.

"టీ ఎక్కడుందమ్మా?"

అత్తగారు లేచి పొయ్యి మీద టీ గిన్నె పెట్టారు.

ఆ మర్నాడంతా ఆమె బండికి పాలిష్ పట్టింది. గులాబీ కిందనుంచి ఎరుపు తేలేదాకా రుద్దినచోటే మళ్ళీ రుద్దింది. చెప్పేస్తే? "అత్తయ్య కుట్టిన మ్యాటు వల్ల" అంటే, ఇన్నేళ్ళ తరువాత సాకు దొరికిందా అంటారు. చూపిస్తే? పెడలు ఒకసారి ఆగుతుంది, ఒకసారి ఆగదు. ఆగాల్సినప్పుడు ఆగకుండా ఆడుకునే సాక్షిని పట్టుకుని వాదించడం ఎలా? ఊరుకుంటే? ఆదివారం బండి వెళ్ళిపోతుంది, మ్యాటు స్టెప్నీ కిందే ఉంటుంది, తను కొత్తిమీర దగ్గరే ఉంటుంది.

చీకటి పడే ముందు, ఏ ఉద్దేశంతో చేస్తోందో తనకే స్పష్టంగా తెలియకుండా, మ్యాటు తెచ్చి డ్రైవరు వైపు పరిచింది. నీలం కుట్టు స్పష్టంగా కనిపించేలా పరిచింది. తాళంచెవి మాత్రం మేకుకి తగిలించకుండా తన దగ్గరే ఉంచుకుంది. తన అనుమానం తీర్చుకోవడానికి ఎవరి కాలూ విరగనక్కర్లేదు.

శనివారం పొద్దున్న మరిది ముందే దిగాడు. టెస్టుకి తనే తీసుకెళ్తానన్నాడు, ఎలాగూ తన బండే కదా అన్నాడు. భర్త సరేనన్నాడు. అందరూ షెడ్డు ముందు చేరారు. ఎర్ర కారు, ఎండ తగిలినవైపూ తగలనివైపూ ఒకే ఎరుపులో, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చుని ఉంది.

"తాళాలివ్వు రేసర్ వదినా. స్తంభానికి వీడ్కోలు చెప్పేశావా?"

ఆమె గుప్పిట్లో తాళంచెవి వెచ్చగా ఉంది. మరిది డ్రైవరు తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టాడు. ఆమె అత్తగారినే చూస్తోంది. అత్తగారు వరండాలోంచి, తెరిచిన తలుపులోంచి, కిందికి చూశారు. చూసి, కోడలి వైపు చూశారు. ఆ చూపు ఎంతసేపుందో గానీ, అందులో ఇద్దరికీ చాలా పని జరిగింది.

"ఆగరా," అన్నారు.

మెట్లు దిగారు. ఒక్కొక్కటే. కారు దగ్గరికి వచ్చి, కొడుకుని పక్కకి జరిపి, తలుపు పట్టుకుని వంగారు. మోకాళ్ళు చప్పుడు చేశాయి. మ్యాటు కొస పట్టి బయటికి లాగారు.

"అదేంటమ్మా, బాగుంది కదా," అన్నాడు మరిది.

"ఇది ఇక్కడ వెయ్యకూడదు. కాలికి అడ్డమొస్తుంది. బ్రేకు కిందికి పోతుంది."

"నేను అన్నాళ్ళు నడిపాను, నాకెప్పుడూ పోలేదే," అన్నాడు భర్త.

"నీకెందుకు పోతుందిరా. నువ్వు సీటు వెనక్కి జరుపుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంటావు. పొట్టివాళ్ళు సీటు ముందుకు లాక్కుంటే అప్పుడు..."

అక్కడికి వచ్చాక ఆవిడకి తను ఎంత వివరంగా చెబుతున్నారో తెలిసినట్టుంది. ఆగిపోయారు. భర్త స్తంభం వైపు చూశాడు, మ్యాటు వైపు చూశాడు, భార్య వైపు చూద్దామనుకుని గేటు వైపు చూశాడు. మరిది లోపల పెట్టిన కాలు బయటికి తీసుకున్నాడు.

"అయితే అప్పుడు వదిన..." అన్నాడు.

"నువ్వు ఇన్నాళ్ళూ బస్సులోనే పోతున్నావు కదా, అలాగే పో," అన్నారు అత్తగారు. "మీ ఇంటి ముందే ఆగుతుంది."

ఆవిడ మ్యాటు పట్టుకుని మెట్లెక్కి, దాన్ని ఇంటి గుమ్మం ముందు వేశారు. కాలితో నొక్కి సరిచేశారు. మళ్ళీ దిగి, కారు అవతలివైపుకి నడిచి, తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చున్నారు.

"పద అమ్మాయ్. టెస్టుకి ఆలస్యమవుతుంది."

"లైసెన్సు?" అన్నాడు భర్త.

"ఉంది," అంది ఆమె. "గడువు తీరినప్పుడల్లా రెన్యువల్ చేయించుకుంటూనే ఉన్నాను. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళేదాన్ని. అక్కడా కళ్ళే చూస్తారు."

కూర్చుని, సీటు ముందుకు లాక్కుంది. బ్రేకు తొక్కి చూసింది. పూర్తిగా దిగింది. ఇంజను ఒకే పిలుపుకి పలికింది. బండి మెల్లగా షెడ్డులోంచి బయటికి వచ్చి, గేటు దగ్గరికి చేరింది. స్తంభం పక్కకి వచ్చాక, అవసరం లేకపోయినా, ఆమె ఒకసారి బ్రేకు వేసింది. బండి ఆగింది. కిటికీలోంచి చెయ్యి చాపితే పెచ్చు అందేంత దూరం. చెయ్యి చాపలేదు.

అద్దంలో భర్త కనిపించాడు. గుమ్మం ముందు, ఆ మ్యాటు మీదే నిలబడి, లోపలికి వెళ్ళాలో బయట ఉండాలో తెలియనట్టు కాళ్ళు తుడుచుకుంటున్నాడు.

వీధి మలుపు తిరిగారు. అత్తగారు ఒళ్ళో చేతులు పెట్టుకుని ముందుకే చూస్తున్నారు. ఆమెకి గెలిచినట్టు లేదు, ఓడినట్టు లేదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. నవ్వు కోసం చూసింది, అదీ సగంలో ఆగింది.

"ఎప్పట్నుంచి తెలుసు అత్తయ్యా?"

ముందు వెళ్తున్న లారీ పక్కకి తప్పుకుంది.

"రోడ్డు చూసి నడుపు," అన్నారు అత్తగారు. మళ్ళీ అన్నారు. "చెబుతాను. కొంచెం... కొంచెం సేపు ఉండు."

నాలుగురోడ్ల కూడలి వచ్చింది. టెస్టు చేసే చోటుకి కుడివైపు దగ్గర దారి. ఎడమవైపు నర్సరీ మీదుగా చుట్టుదారి. ఆమె ఎడమవైపు లైటు వేసింది. అది టిక్కు టిక్కుమంటూ ఆరి వెలుగుతోంది.

అత్తగారు ఆ లైటు వైపు చూశారు. దారి తప్పావని అనలేదు.